బ్రేకు ఎక్కడ పడిందో కూడా చూడాలి: సిమెంట్ లారీ డ్రైవర్‌గా నా అనుభవం

మేళ్లచెరువు, హుజూర్‌నగర్ వైపు ఫ్యాక్టరీల నుంచి హైదరాబాద్‌కు సిమెంట్ తోలుతుంటాను. పన్నెండు టైర్ల బండి. కోదాడ దగ్గర 65వ నంబర్ హైవే ఎక్కితే సూర్యాపేట, నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ఒకటే దారి. పోయిన ఏడాది మా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. "నీ బండికి హార్ష్ బ్రేకింగ్ ఎక్కువ చూపిస్తోంది. ఈ నెల ఇన్సెంటివ్ ఆపినం. ఒకసారి వచ్చి కలువు" అన్నారు. ఆ తర్వాత జరిగిందంతా ఇక్కడ రాస్తున్నాను. పాత నల్గొండ జిల్లాలో లారీ తోలేవాళ్లలో చాలామందికి ఇప్పుడు ఇదే ఫోను వస్తోంది. ఏం అడగాలో తెలియక సంతకం పెట్టి తిరిగొచ్చేస్తున్నారు.

ఈ లెక్క తీసేది బండిలో బిగించిన ఒక పెట్టె. ముందు అది ఎలా పనిచేస్తుందో చెప్పాలి. నాతో సహా మా డ్రైవర్లలో ఎక్కువమంది అది బండి ఎక్కడుందో మాత్రమే చూపిస్తుందని అనుకున్నాం. డ్యాష్‌బోర్డు కింద అరచేయంత ఉంటుంది. అందులో జీపీఎస్, సిమ్ కార్డు, వాటితో పాటు యాక్సిలరోమీటర్ అనే సెన్సార్ ఉంటాయి. బండి ముందుకు వెనక్కు, పక్కలకు, పైకి కిందికి ఎంత బలంగా ఊగిందో ఆ సెన్సార్ ఎప్పటికప్పుడు కొలుస్తుంది. కొలత జీలలో ఉంటుంది, ఒక జీ అంటే భూమి ఆకర్షణకు సమానమైన బలం. ఆఫీసు వాళ్లు ఒక గీత పెట్టుకుంటారు. మా ఆఫీసు పెట్టిన గీత 0.3 జీ. అంటే ఒక్క సెకనులో గంటకు పది, పదకొండు కిలోమీటర్ల వేగం పడిపోతే అది హార్ష్ బ్రేకింగ్, అంటే మరీ గట్టిగా బ్రేకు కొట్టడం కింద నమోదవుతుంది. కొన్ని కంపెనీల పెట్టెలు సెన్సార్‌ను పక్కనపెట్టి జీపీఎస్ వేగంలో తేడానే చూస్తాయి. కొత్త బండ్లలో ఇంజిన్ కంప్యూటర్ నుంచి కూడా వేగం తీసుకుంటారు. గీత దాటగానే తేదీ, టైము, ఎక్కడ ఉన్నదీ సిమ్ ద్వారా కంట్రోల్ రూముకు వెళ్లిపోతాయి. సిగ్నల్ లేకపోతే పెట్టెలోనే దాచుకుని, సిగ్నల్ రాగానే పంపుతుంది.

ప్రయాణికుల బండ్లకు ఇలాంటి పెట్టె ప్రభుత్వమే తప్పనిసరి చేసింది. 2019 జనవరి 1 నుంచి రిజిస్టర్ అయ్యే కొత్త బస్సులు, టాక్సీలకు ఏఐఎస్-140 అనే ప్రమాణం ప్రకారం ఉండాలి. ఆ ప్రమాణంలోనే సడన్ బ్రేకు, సడన్‌గా వేగం పెంచడం, అడ్డదిడ్డంగా మలుపు తిప్పడం వంటి హెచ్చరికలు రాసి ఉన్నాయి. మా సిమెంట్ బండికి మాత్రం ఓనరు తనంతట తను పెట్టించుకున్నదే. లోడు ఇచ్చే కంపెనీలు అడుగుతాయి, బండి ఎక్కడుందో తెలుస్తుంది, డీజిల్ లెక్క తెలుస్తుంది. దానితో పాటే అద్దం మీద కెమెరా కూడా వచ్చింది. రోడ్డు వైపు ఒక కన్ను, డ్రైవర్ వైపు ఒక కన్ను. అది ఎప్పుడూ రికార్డు చేస్తూ పాతది చెరిపేస్తూ ఉంటుంది. గీత దాటినప్పుడు మాత్రం ముందు కొన్ని సెకన్లు, తర్వాత కొన్ని సెకన్లు కోసి ఆఫీసుకు పంపుతుంది.

ఆఫీసుకు పోయాను. సూపర్‌వైజర్ వయసులో నాకంటే చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడాడు. "ఏందన్నా, ఇంత సీనియర్‌వి, నీ పేరు మీదనే ఎక్కువొచ్చినయ్" అంటూ ఒక కాగితం ముందు పెట్టాడు. బండి నంబరు, డ్రైవర్ పేరు, నెల మొత్తంలో ఎన్నిసార్లు, వందకు ఎన్ని మార్కులు. అంతే. ఎక్కడ, ఎప్పుడు, లోడుతోనా ఖాళీగానా, ఎన్ని కిలోమీటర్లు తోలితే అన్నిసార్లు వచ్చింది, ఏదీ లేదు. దాని కింద ఇంగ్లీషులో ఒక ఫారం. నాకు కౌన్సెలింగ్ ఇచ్చారనీ, నా తప్పు తెలుసుకున్నాననీ అందులో రాసుంది. చదివి, "వీడియోలు చూశాక సంతకం పెడతా తమ్మీ" అన్నాను. చూపించే అలవాటు లేదన్నాడు. "నా మీద లెక్క రాసినప్పుడు ఆ లెక్క నేను చూడొద్దా?" అని అడిగాను. కాసేపు మాటామాటా అయింది. చివరికి ఓనరుకు ఫోను చేసి, సరే చూపించమన్నారని చెప్పి, నన్ను లోపలి గదిలోకి తీసుకుపోయాడు.

ఆ గదిలో కంప్యూటర్ల ముందు కూర్చునే అబ్బాయి డిగ్రీ అయిపోయి ఈమధ్యే చేరాడు. అతని మేలు నేను మర్చిపోను. ఒక్కో వీడియో తెరిచి ఓపిగ్గా చూపించాడు. చూస్తూ పోతుంటే అన్నీ ఒక రకం కావని ఇద్దరికీ అర్థమైంది.

కొన్నింటిలో అసలు బ్రేకే లేదు. టోల్‌ప్లాజాకు ముందు రోడ్డు మీద తెల్ల పట్టీలు దట్టంగా వేసి ఉంటాయి కదా, వాటి మీద బండి దడదడలాడినప్పుడు పడిన లెక్కలవి. తెర మీద వేగం మెల్లగా తగ్గుతోంది గానీ సెన్సార్ మాత్రం పెద్ద కుదుపు చూపించింది. బండిలో పెట్టెను పట్టి చూస్తే ఒక స్క్రూ వదులై చేతికి ఊగుతోంది. సెన్సార్ గట్టిగా బిగిసి ఉండకపోతే, బిగించినప్పుడు ఏ వైపు ముందుకు అని సరిగ్గా సెట్ చేయకపోతే గుంతను కూడా బ్రేకుగా చదువుతుంది. ఫ్యాక్టరీ లోపలి మట్టిరోడ్డు మీద పడినవి కూడా ఇదే కోవలోవి. ఆ అబ్బాయి వాటన్నిటినీ పక్కన పెట్టాడు. వేగం కనీసం గంటకు 20 కిలోమీటర్లు ఉన్నప్పుడే, అదీ జీపీఎస్ వేగం కూడా నిజంగా పడినప్పుడే లెక్కలోకి తీసుకునేలా మార్చొచ్చని, అది తన చేతిలోని పనేనని చెప్పాడు. నాకు ఆశ్చర్యమేసింది. ఇంత చిన్న మార్పు చేయకుండా ఇన్నాళ్లూ జీతాల్లో కోతలు పెట్టారు.

మిగిలినవి నిజంగా బ్రేకు తొక్కినవే. వాటిలో ఒకటి నా కళ్లలో ఇంకా మెదులుతోంది. కట్టంగూర్ దాటాక డివైడర్‌లో ఒక కట్ ఉంది, అంటే రోడ్డు దాటడానికి వదిలిన ఖాళీ. డివైడర్ పొడవునా గన్నేరు చెట్లు. వానాకాలం పోయాక అవి గుబురుగా పెరిగి, మనిషి నిలబడినా కనిపించనంత ఎత్తుకు వచ్చాయి. తెల్లారుతున్న టైము. వీడియోలో రోడ్డు ఖాళీగా ఉంది, ముందు బండి కూడా లేదు. ఎర్రగా పూసిన గన్నేరు కొమ్మల మధ్య నుంచి మొదట ఒక చిన్న టైరు బయటికి వచ్చింది. తర్వాత హ్యాండిల్‌కు రెండు వైపులా పచ్చగడ్డి మోపు, తర్వాత పెద్దాయన తల. టీవీఎస్ ఎక్సెల్ మీద గడ్డి వేసుకుని రోడ్డు దాటుతున్నాడు. గడ్డి అడ్డంగా ఉండటంతో ఆయనకు మా వైపు కనిపించే వీలే లేదు. తెర మూలన అంకెలు సెకనుకొకటి మారాయి: 58, 47, 35, 24. అక్కడికి ఆయన రోడ్డు దాటిపోయాడు. తల కూడా తిప్పలేదు. అటు పక్క పొలం బాట పట్టి పోయాడు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. సూపర్‌వైజరే ముందుగా, "బతికిపోయిండు పాపం" అన్నాడు. నా కాగితంలో ఈ బ్రేకుకు కూడా మార్కులు పోయాయి. ఆ బ్రేకు కొట్టకపోయి ఉంటే ఏమయ్యేదో తెర మీద కనిపిస్తూనే ఉంది. వెనక పాతిక టన్నుల దాకా సిమెంట్. అలాంటి బండి 60 మీద ఉన్నప్పుడు సెకనుకు 16, 17 మీటర్లు ముందుకు పోతుంది. కన్ను చూసి, కాలు కదిలి, గాలి బ్రేకులు పట్టేసరికి సెకనున్నర పోతుందనుకుంటే, బ్రేకు పడకముందే 25 మీటర్లు గడిచిపోతాయి. ఆ తర్వాత 0.3 జీ లెక్కన గట్టిగా ఆపినా ఇంకో 47 మీటర్లు కావాలి. 80 మీద అయితే రెండూ కలిపి 115 మీటర్లు దాటుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్కను పెట్టె అమ్మేవాళ్లు కాదు, లైసెన్స్ ఇచ్చేటప్పుడే ప్రతి డ్రైవర్‌కూ చెప్పాలి. కార్లు తోలేవాళ్లకు ఇంకా ఎక్కువ చెప్పాలి. లారీ ముందు దూరి బ్రేకు కొట్టేది వాళ్లే.

లోడు గురించి ఇంకొకటి. ఖాళీ బండికి బ్రేకు చటుక్కున పడుతుంది. చిన్న అవసరానికి కాస్త గట్టిగా తొక్కినా 0.3 దాటిపోతుంది. నిండు లోడుతో ఉన్న బండి అంత తొందరగా వేగం కోల్పోదు. దానికి 0.3 వచ్చిందంటే డ్రైవర్ పెడల్‌ను ఉన్నంత బలంతో తొక్కాడన్నమాట. రెండింటినీ ఒకే గీతతో కొలిస్తే ఖాళీ బండి మీద అనవసరంగా లెక్కలు పెరుగుతాయి, లోడు బండి తృటిలో తప్పించుకున్న ప్రమాదాలు లెక్కలోకే రాకుండా పోతాయి. రెండోదే నాకు భయం. 0.25 దగ్గర ఆగిపోయిన నిండు లోడు బ్రేకు ఒక ప్రాణం అంచుల దాకా పోయి వచ్చినది కావచ్చు. అది ఏ కాగితంలోనూ పడదు.

అక్కడే నాకు ఇంకో ఆలోచన వచ్చింది. "తమ్మీ, నావి మాత్రమే కాదు, మన బండ్లన్నిటివీ మ్యాపు మీద పెట్టి చూడగలవా?" అని అడిగాను. అతను ఇంకో పేజీ తెరిచి, పేర్లు తీసేసి, చుక్కలు మాత్రమే వచ్చేలా పెట్టాడు. హైవే అంతా చుక్కలు పడతాయేమో అనుకున్నాను. కాదు. పెద్ద పెద్ద జాగాల్లో ఒక్క చుక్క లేదు, కొన్ని చోట్ల మాత్రం కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. అవి ఏ చోట్లో నేను చూడకుండానే చెప్పగలను. సర్వీస్ రోడ్డు లేని ఊళ్ల దగ్గర కట్‌లు. ఆర్టీసీ బస్సు రోడ్డు మీదే ఆగే స్టేజీలు. పెట్రోలు బంకుకు, దాబాకు రాంగ్ రూట్‌లో అడ్డంగా వచ్చే చోట్లు. కొత్త వంతెన పనుల కోసం దారి మళ్లించిన చోట్లు. మా బండ్లు తోలేవాళ్లలో కొత్త పిల్లలున్నారు, నాలాంటి పాతవాళ్లున్నారు, నిదానంగా తోలేవాళ్లున్నారు, దూకుడు వాళ్లున్నారు. అందరి చుక్కలూ అక్కడే పడ్డాయి. సూపర్‌వైజర్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

హైదరాబాద్, విజయవాడ హైవే మీద 17 బ్లాక్ స్పాట్లు ఉన్నాయని జాతీయ రహదారుల సంస్థ గుర్తించిన సంగతి ఈ దారిన తిరిగేవాళ్లకు తెలుసు. చౌటుప్పల్, పెద్దకాపర్తి, చిట్యాల, కట్టంగూర్ అందులోవే. ఒక చోటును బ్లాక్ స్పాట్ అనాలంటే కేంద్ర రవాణా శాఖ లెక్క ఒకటుంది. దాదాపు 500 మీటర్ల రోడ్డులో మూడేళ్లలో చావులో, పెద్ద గాయాలో అయిన ప్రమాదాలు 5 జరగాలి. లేదా పది మంది చనిపోవాలి. అంటే అంతమంది పోయాకే ఆ చోటుకు ఆ పేరు వస్తుంది, ఆ తర్వాతే పనులు మొదలవుతాయి. మా ఆఫీసులోని మ్యాపు మీద చుక్కలు మాత్రం ఇంకా ఎవరూ చనిపోని చోట్లను కూడా చూపిస్తున్నాయి. ఆ గన్నేరు చెట్ల కట్ 17లో లేదు. కానీ మా బండ్లు నెలనెలా అక్కడ కిర్రుమని ఆగుతున్నాయి. ఈ పెట్టెలు పెట్టిన ప్రతి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఇలాంటి మ్యాపు తీయొచ్చు. అది డ్రైవర్ జీతం కోయడానికి తప్ప దేనికీ వాడటం లేదంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆ రోజు ఫారం మీద సంతకం పెట్టలేదు. ఇన్సెంటివ్ సంగతి తర్వాత చూస్తామన్నారు. వారం తిరగక ముందే నా పక్క సీట్లో ఒక ట్రైనర్‌ను ఎక్కించి పంపారు. మహబూబ్‌నగర్ ఆయన. జడ్చర్ల, భూత్పూర్, పెబ్బేరు, బీచుపల్లి మీదుగా కర్నూలు దాకా 44వ నంబర్ హైవే మీద ఏళ్ల తరబడి ట్యాంకర్ తోలిన మనిషి. ట్యాంకర్ వాళ్లకు బ్రేకు విద్య మాకంటే ఎక్కువ తెలుసు. సగం నిండిన ట్యాంకులో బ్రేకు కొడితే లోపలి ద్రవం ముందుకు ఉరికి బండిని నెట్టేస్తుంది. అందుకే స్పీడ్ గవర్నర్ కూడా మా బండ్లకు 80 దగ్గర పెడితే ట్యాంకర్లకు 60 దగ్గరే పెట్టాలి. ఆయన బండి ఎక్కి మొదటి అరగంట ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, నీ కాలు మంచిదే. గ్యాప్ ఒక్కటి చూద్దాం" అన్నారు.

గ్యాప్ చూసే పద్ధతి అందరికీ పనికొస్తుంది. ముందు బండి వెనక బంపర్ ఏదైనా బోర్డునో కిలోమీటరు రాయినో దాటగానే నిదానంగా లెక్కపెట్టడం మొదలుపెట్టాలి. మనం అదే రాయి దగ్గరికి చేరేసరికి నాలుగు సెకన్లు గడవాలి. లోడు ఉన్నప్పుడు అంతకు తగ్గొద్దని, వాన పడితే ఇంకా పెంచాలని ఆయన చెప్పారు. నేను అడిగింది అందరు డ్రైవర్లూ అడిగేదే: "గ్యాప్ వదిలితే కారోడు వచ్చి దూరుతడు గదన్నా?" దూరనీ అన్నారు. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసి మళ్లీ గ్యాప్ తెచ్చుకో, ఒక్కో కారుకు పోయేది రెండు మూడు సెకన్లు, హైదరాబాద్ చేరేసరికి అంతా కలిపినా ఒక టీ తాగే టైము కాదు అని దారి పొడవునా చేసి చూపించారు. ఇంకొకటి, కట్ వచ్చే ముందే ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిన్ పొగ దారిని అడ్డుకుని వేగం తగ్గించేది) వేసి ఒక గేరు తగ్గించడం. పెడల్ మీద కాలు పెట్టకుండానే బండి 60 నుంచి 45కు వస్తుంది, డ్రమ్ములు వేడెక్కవు, పెట్టె కూడా దాన్ని హార్ష్ అనదు. ఎడమ లేన్‌లో పోతే కట్‌కు దూరంగా ఉంటాం, చెట్ల వెనక ఉన్నవాళ్లు మనకు ముందుగా కనిపిస్తారు. ఇవన్నీ వినడానికి చిన్నవే. ఆ చోట్లన్నిటికీ ముందే సిద్ధంగా ఉంటే బ్రేకు అవసరం సగం తగ్గుతుంది. అందుకే చోట్ల లిస్టు డ్రైవర్ చేతిలో ఉండాలని నా పట్టుదల.

ట్రైనర్‌తో ఒక విషయం దాచకుండా చెప్పాను. ఆఫీసు వాళ్లకు కూడా చెప్పాను. లెక్కలు మొదలైనప్పటి నుంచి కుర్ర డ్రైవర్లలో ఒక ప్రమాదకరమైన అలవాటు వస్తోంది. బ్రేకు కొడితే డబ్బులు పోతాయని బ్రేకు వదిలేసి స్టీరింగ్ తిప్పుతున్నారు. ముందు బర్రె వచ్చినా, ఆటో ఆగినా పక్క లేన్‌లోకి కోసి పోతున్నారు. నిండు లోడు బండిని అలా తిప్పితే పల్టీ కొడుతుంది, లేదంటే పక్కన వచ్చే బైకు కిందికి పోతుంది. పెట్టె ఏమో స్టీరింగ్ తిప్పినదాన్ని చాలాసార్లు పట్టించుకోదు, ఎందుకంటే ఆ ఊపు మలుపుల కోసం పెట్టిన గీత దాకా పోదు. యాసంగి కోతలప్పుడు ఊరి రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పెడతారు కదా, అక్కడ ఇది ఇంకా కష్టం. రైతుకు కల్లం లేదు, ఆయన్ను తిట్టి లాభం లేదు. డ్రైవర్ బ్రేకే కొట్టాలి. బ్రేకు కొట్టిన డ్రైవర్‌కు శిక్ష పడుతుందంటే మనమే అతన్ని వడ్ల మీదికో, ఎదురు బండి మీదికో తోసినట్టు.

ఇంకో పక్క, బ్రేకు వద్దనే ఆఫీసే టైముకు చేరమని గంటకోసారి ఫోను చేస్తుంది. సిటీలో పెద్ద బండ్లకు పగటి పూట నో ఎంట్రీ ఉంటుంది. ఆ టైము దాటితే ఊరి బయటే రాత్రి దాకా ఆగాలి, అన్‌లోడింగ్ పోతుంది, ఆ రోజు బత్తా మీదే బతకాలి. ఈ రెండూ ఒకే డ్రైవర్ మీద పెట్టి మార్కులు లెక్కేయడం న్యాయం కాదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని అందులో అప్పుడే రాశారు. డ్రైవర్ ఎన్ని గంటలు తోలాడో కూడా ఆ పెట్టెకు తెలుసు. ఇంజిన్ ఆన్ అయిన టైము, ఆగిన టైము రెండూ దాంట్లోనే ఉన్నాయి. కానీ బ్రేకు లెక్క తీసిన ఏ ఆఫీసూ దాని పక్కన ఆ రోజు ఎన్ని గంటలు తోలించామన్నది రాయడం నేను చూడలేదు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు పడే బ్రేకులను ఆ లెక్కతో కలిపి చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

చివరికి ఏమైందంటే, పెట్టె స్క్రూ బిగించారు, మళ్లీ సెట్ చేశారు. టోల్‌ప్లాజా కుదుపులు లెక్కలోంచి పోయాయి. ఆపిన ఇన్సెంటివ్ రెండు విడతల్లో ఇచ్చారు. నెల మొత్తం మీద ఎన్నిసార్లు అని కాకుండా వెయ్యి కిలోమీటర్లకు ఎన్ని అని చూడటం మొదలుపెట్టారు. అంతకుముందు ఎక్కువ ట్రిప్పులు తోలినవాడికే ఎక్కువ కోత పడేది. వీడియో చూడకుండా డబ్బు ఆపొద్దని ఓనరు ఒప్పుకున్నారు. కంట్రోల్ రూము అబ్బాయి చోట్ల లిస్టును తెలుగులో ప్రింటు తీసి కౌంటర్ దగ్గర అంటించాడు, కొత్త డ్రైవర్ చేరితే ముందు అదే చదివిస్తున్నారు. ఓనరు ముందుకొచ్చి ఇదంతా చేయలేదు, అడిగి అడిగి విసుగెత్తించాం. అయినా చేశారు, అందుకు ఆయనకు దండం పెడతాను.

గన్నేరు చెట్ల గురించి నేనే 1033కు ఫోను చేశాను. హైవే మీద ప్రమాదానికీ, ఫిర్యాదుకూ ఆ నంబరే. కిలోమీటరు రాయి నంబరు అడుగుతారు, చూసి పెట్టుకుని చేయండి. ఒకసారి చేస్తే కదల్లేదు. మా బండ్ల వాళ్లం తలా ఒకసారి చేశాం. కట్‌కు రెండు వైపులా కొమ్మలు నడుం ఎత్తుకు కొట్టేశారు. ఇప్పుడు బైకు మీద ఎవరైనా ఆగి ఉంటే క్యాబిన్‌లోంచి దూరం నుంచే తల కనిపిస్తోంది. వానలు పడితే మళ్లీ పెరుగుతాయి, మళ్లీ ఫోను చేయాలి.

డ్రైవర్ వైపు కెమెరా మీద మాత్రం ఇంకా ఒప్పందం కుదరలేదు. కళ్లు మూతపడితే అలారం కొట్టడం నాకు ఇష్టమే, అది నా ప్రాణం కాపాడేదే. బండి ఆపి నిద్రపోతున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు కూడా రికార్డవుతోంది. మాకు క్యాబినే ఇల్లు. ఇంజిన్ ఆఫ్ చేస్తే అది ఆగిపోవాలని అడుగుతున్నాం.

మీకు కూడా ఆఫీసు నుంచి ఇలాంటి ఫోను వస్తే వెంటనే పోండి, ఆలస్యం చేయొద్దు. వీడియోలను ఎక్కువ రోజులు ఉంచరు, చెరిపేశాక మీ మాటకు సాక్ష్యం ఉండదు. తేదీ, టైము, చోటు, ఆ క్షణం వేగం, లోడా ఖాళీయా, ఇవి ఒక్కో బ్రేకుకు విడివిడిగా అడగండి. పెట్టె ఎక్కడ బిగించారో మీ చేత్తో పట్టి ఊపి చూడండి. అందరి బండ్లవీ పేర్లు లేకుండా మ్యాపు మీద పెట్టి చూపించమనండి. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం అడిగితే చదివి వినిపించమనండి, ఫోటో తీసుకోండి. దారిలో గట్టిగా బ్రేకు పడినప్పుడు, బండి పక్కకు తీసి ఆపగలిగే చోటు రాగానే క్లీనర్‌తోనో మీరేనో ట్రిప్ షీట్ వెనక ఒక్క ముక్క రాయండి: ఏ ఊరు, ఏం అడ్డొచ్చింది. నా షీట్ల వెనక రాసుకున్నవి నెలాఖరుకు ఆ అబ్బాయికి ఇస్తున్నాను, అతను మ్యాపులో చేరుస్తున్నాడు. ఇప్పుడు మిర్యాలగూడ వైపు రైస్‌మిల్లు లోడ్లు తోలే ఇంకో ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు కూడా తమ చోట్ల లిస్టు ఇస్తామన్నారు. రెండూ కలిపి జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి ఇవ్వాలని అనుకుంటున్నాం. వాడపల్లి నుంచి నార్కట్‌పల్లి దాకా దారిలో బ్రేకులు పడే చోట్లు తెలిసిన డ్రైవర్లు ఎవరైనా ఉంటే కిలోమీటరు రాయి నంబరుతో సహా రాసి పెట్టుకోండి.